గోటో ఎస్‌జీ381 మాగ్నం లాక్: తిరగేసిన హెడ్‌స్టాక్‌కు సరిపోయిన ట్యూనర్లు

గిటారు తల మీద తీగలను బిగించి శ్రుతి చేసే ట్యూనర్లలో కుడివైపువి, ఎడమవైపువి అని రెండు రకాలు ఉంటాయని గిటారు వాయించేవారిలో చాలామందికి తెలుసుకునే అవసరమే రాదు. మామూలు స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటారు) తరహా గిటారు కొంటారు. ఆరు ట్యూనర్లూ పైవరుసలో ఉంటాయి. పాడైతే దొరికిన సెట్టు తెచ్చి బిగించుకుంటారు. రివర్స్ హెడ్‌స్టాక్, అంటే తిరగేసిన తల, ఉన్న గిటారు చేతికి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. నేను సికింద్రాబాదులో ఒకరి దగ్గర అలాంటి పాత గిటారు కొన్నాను. కర్ర బాగుంది, మెడ తిన్నగా ఉంది, పికప్‌లు బాగా పలుకుతున్నాయి. ట్యూనర్లు మాత్రం దానివి కావు. ఎవరో మామూలు గిటారుకు పెట్టే సెట్టును అడ్డం తిప్పి బిగించేశారు. వాటిని తీసేసి గోటో ఎస్‌జీ381 మాగ్నం లాక్ సెట్టు పెట్టాను. వర్షాకాలం, ఎండాకాలం రెండూ చూశాక ఇది రాస్తున్నాను. ధర ఎక్కువే అయినా ఈ సెట్టు నాకు గట్టిగా నచ్చింది. ఎందుకు నచ్చిందో చెప్పాలంటే ముందు ఆ పాత సెట్టుతో ఇబ్బంది ఏమిటో వివరించాలి.

మామూలు స్ట్రాటోకాస్టర్‌ను ఒళ్లో పెట్టుకుంటే ట్యూనర్లను చేత్తో తిప్పే బటన్లు పైకి, మన ముఖం వైపు ఉంటాయి. లావు తీగ, అంటే ఆరో తీగ, నట్‌కు (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీకి) అన్నిటికంటే దగ్గరి పోస్టుకు చుట్టుకుంటుంది. సన్నని ఒకటో తీగ చిట్టచివరి పోస్టు దాకా వెళుతుంది. రివర్స్ హెడ్‌స్టాక్‌లో ఇదంతా తారుమారు. బటన్లు నేలవైపు చూస్తాయి. ఒకటో తీగకు దగ్గరి పోస్టు, ఆరో తీగకు చివరి పోస్టు. గిటారు ఒళ్లు కుడిచేతి వాటానిదే, తల మాత్రం ఎడమచేతి వాటానిది.

ట్యూనర్ లోపల రెండే ముఖ్యమైన భాగాలు. బటన్‌తో పాటు తిరిగే మరల కడ్డీ ఒకటి, తీగ చుట్టుకునే పోస్టు అడుగున ఉండే పళ్ల చక్రం ఒకటి. కడ్డీ తిరిగితే చక్రం తిరుగుతుంది కానీ చక్రాన్ని ఎంత లాగినా కడ్డీ తిరగదు. అందుకే తీగ ఎంత బిగువుగా ఉన్నా ట్యూనర్ తనంతట తాను వదులు కాదు. వీణ బిరడాలు కర్ర రాపిడి మీదే నిలబడాలి. ఇప్పుడు చాలా వీణలకు గిటారు తరహా ట్యూనర్లు అమర్చడానికి కారణం ఈ పళ్ల చక్రమే.

ఆ కడ్డీ పోస్టుకు ఏ పక్కన ఉందన్నదే అసలు సంగతి. ఇప్పటి ట్యూనర్లలో కడ్డీ పోస్టుకు నట్ వైపు ఉంటుంది. తీగ కూడా పోస్టును నట్ వైపే లాగుతుంది. అందువల్ల తీగ బిగువు పళ్ల చక్రాన్ని కడ్డీ మీదకు అదిమి ఉంచుతుంది, ఆ రెంటి మధ్య సందు మిగలదు. పైవరుసకు చేసిన ట్యూనర్‌ను కింది వరుసలో పెట్టాలంటే దాన్ని అర్ధచుట్టు తిప్పాలి. అప్పుడు కడ్డీ నట్ వైపు కాకుండా హెడ్‌స్టాక్ కొన వైపు చేరుతుంది. తీగ లాగుడు చక్రాన్ని కడ్డీకి దూరంగా గుంజుతుంది. కొత్త ట్యూనర్లయితే వెంటనే తెలియదు, వాయించడం కూడా కుదురుతుంది. అరిగినవైతే సందు బయటపడుతుంది. నా గిటారుకు వచ్చినవి బాగా అరిగినవి. శ్రుతి కొద్దిగా దించుదామని బటన్ తిప్పితే కొంతసేపు ఏమీ జరిగేది కాదు, ఆ తరువాత ఒక్కసారిగా స్వరం కిందికి పడేది. మూడో తీగతో ఈ బాధ మరీ ఎక్కువ. తల వెనుక మరల (స్క్రూల) రంధ్రాలు కూడా కొత్తగా వేయవలసి వచ్చినట్టుంది, పాత రంధ్రాలు పక్కనే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

కాబట్టి రివర్స్ హెడ్‌స్టాక్‌కు అద్దంలో చూసినట్టు తిరగబడిన సెట్టు కావాలి. కడ్డీ స్థానం, మరల వంపు, తల వెనుక బిగించే చెవి, అన్నీ ఎదురుబొదురు కావాలి. ఎడమచేతి గిటారుకు పెట్టేది సరిగ్గా ఈ సెట్టే.

ఈ తలల కథ పాతదే. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. ఎడమచేతి వాటం ఉన్న అమెరికా రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ కుడిచేతి స్ట్రాటోకాస్టర్లను తిరగేసి, తీగలు మార్చుకుని వాయించాడు. అప్పుడు ఆయన చేతిలో లావు తీగ చివరి పోస్టుకు చేరింది. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఆయన వాయించిన తెల్ల స్ట్రాటోకాస్టర్ ఇప్పుడు సియాటిల్‌లోని మ్యూజియం ఆఫ్ పాప్ కల్చర్‌లో ఉంది. ఆ అమరికను కుడిచేతి వాళ్లకు అందించాలని ఫెండర్ తరువాత రివర్స్ హెడ్‌స్టాక్‌తో హెండ్రిక్స్ పేరిట గిటారు తెచ్చింది. 1980లలో జాక్సన్, క్రామర్ వంటి కంపెనీలు కోసుగా ఉండే తిరగేసిన తలలను హెవీ మెటల్ గిటార్లకు గుర్తుగా మార్చేశాయి.

నాకు మాత్రం 1963లో వచ్చిన గిబ్సన్ ఫైర్‌బర్డ్ మీద ప్రత్యేకమైన గౌరవం. దాన్ని గీసిన రే డీట్రిచ్ కార్ల రూపశిల్పి. తిరగేసిన తలే పెట్టాడు కానీ ట్యూనర్లు పక్కకు పొడుచుకు రావు. బాంజో తరహాలో బటన్లు తల వెనక్కి చూస్తాయి, పోస్టుకు తిన్నగా వెనుక ఉంటాయి. పక్కకు వచ్చే కడ్డీయే లేనప్పుడు కుడి, ఎడమ అనే ప్రశ్నే ఉండదు. పళ్ల చక్రమే లేని స్టైన్‌బర్గర్ గేర్‌లెస్ ట్యూనర్లదీ ఇదే మార్గం. కుడి ఎడమల సమస్యను అంత శుభ్రంగా తప్పించిన పద్ధతి నాకు మరొకటి కనిపించలేదు. ఫైర్‌బర్డ్ కొనే స్తోమత నాకు లేదు కాబట్టి నా గిటారుకు సరైన వైపు సెట్టు వెతకడమే మిగిలింది.

ఆ వెతుకులాటలో అన్నిటికంటే చికాకు పెట్టేది పేర్లు. ఒక దుకాణంలో ‘ఎడమ’ అంటే హెడ్‌స్టాక్‌కు ఎడమపక్క అని అర్థం. మరో దుకాణం అదే ‘ఎడమ’ను ఎడమచేతి వాటం అనే అర్థంలో రాస్తుంది. ఈ రెండూ పరస్పరం విరుద్ధమైన సెట్లు. ఎల్6 (ఎడమ ఆరు), ఆర్6 (కుడి ఆరు) అన్న అక్షరాలు చూసి డబ్బు కట్టేయకండి. ఫోటో అడగండి. గిటారు తల పైకి ఉండేలా నిలబెట్టి ముందు నుంచి చూస్తే బటన్లు కుడిపక్కకు రావాలి. అలా వస్తే అది మనకు కావలసిన సెట్టు. అమ్మేవారికి సందేశం పంపేటప్పుడు కూడా నేను ‘కుడిచేతి గిటారు, తల మాత్రం తిరగేసినది, బటన్లు నేలవైపు’ అని మూడు ముక్కల్లో రాశాను. వాళ్ల దగ్గర నిల్వ లేదు, తెప్పించి ఇచ్చారు. రవాణా, సుంకం కలిపి దాదాపు 9 వేల రూపాయలు అయింది. క్రోమ్ రంగు త్వరగా వస్తుందన్నారు, నలుపు కావాలంటే ఇంకా ఆగాలన్నారు. తిరగేసిన సెట్లకు రంగుల ఎంపిక తక్కువ. ఇది ఎడమచేతి వాళ్లందరికీ అనుభవంలో ఉన్న కష్టమే.

గోటో జపాన్ కంపెనీ. పెట్టె విప్పి మొదటి బటన్ తిప్పగానే తేడా తెలిసింది. మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు, ఎక్కడా ఆగడం లేదు, జారడం లేదు. నిష్పత్తి 16:1. అంటే బటన్‌ను పదహారు చుట్లు తిప్పితే పోస్టు ఒక చుట్టు తిరుగుతుంది. పోస్టు మందం 6 మి.మీ. అనుకుంటే బటన్ ఒక చుట్టుకు తీగ సుమారు 1.2 మి.మీ. మాత్రమే కదులుతుంది. పావు చుట్టులో ఎంత సూక్ష్మంగా శ్రుతి చేయవచ్చో ఊహించుకోండి.

బిగింపు పని సాఫీగా సాగింది. నా గిటారు తలకు 10 మి.మీ. రంధ్రాలు ఉన్నాయి, ఈ ట్యూనర్లు కోరేదీ అదే. పాతకాలపు క్లూసన్ తరహా ట్యూనర్ల కోసం వేసిన రంధ్రాలు సన్నగా ఉంటాయి, అలాంటి గిటారైతే వాటిని పెద్దవి చేయించాలి. ఆ పని రీమర్‌తో (రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెద్దది చేసే పనిముట్టుతో) నెమ్మదిగా చేసే మనిషికే ఇవ్వండి. డ్రిల్లు పెడితే రంగు పెచ్చు ఊడుతుంది, కర్ర చీలిపోయినా చీలిపోతుంది. పక్కన మిగిలిన పాత మరల రంధ్రాల్లో సన్నని కర్ర పుల్లలను జిగురుతో దించి, ఆరాక సమంగా కోసేశాను. కొత్త రంధ్రాలకు ముందుగా సన్న డ్రిల్లుతో దారి వేశాను, మరకు కొద్దిగా సబ్బు రాశాను. మేపుల్ కర్ర గట్టిది, పొడి మరను బలంగా తిప్పితే దాని తల తెగిపోతుంది. ఆరు ట్యూనర్లనూ ముందు వదులుగా పెట్టి, వెనుక స్కేలు ఆనించి బటన్లన్నీ ఒకే గీతలో ఉన్నాయని చూసుకున్నాకే ట్యూనర్ల ముందువైపు బిగింపు నట్లు బిగించాను.

ఇక తాళం సంగతి. మాగ్నం లాక్‌లో తీగను పోస్టు రంధ్రంలో దూర్చి, చేత్తో తిన్నగా లాగి పట్టుకుని బటన్ తిప్పితే చాలు. పోస్టు లోపలి పిన్ను ముందు తీగను నొక్కి పట్టుకుంటుంది, ఆ తరువాతే పోస్టు తిరగడం మొదలుపెడుతుంది. వేరే ఏ చక్రమూ బిగించనక్కరలేదు. తీయాలంటే తీగను వదులు చేసి, పోస్టు నెత్తి మీదున్న గాడిలో నాణెం పెట్టి తిప్పాలి. ఈ తాళం ఒకే దిశలో పట్టుకుంటుంది, ఎదురు దిశలో వదులుతుంది. కాబట్టి ఈ రకంలో తప్పు వైపు సెట్టు అర్ధచుట్టు తిప్పి పెడితే పళ్ల మధ్య సందుతో పోదు, శ్రుతి పెంచే కొద్దీ తాళమే ఊడుతుంది. మామూలు ట్యూనర్లతో ఎలాగో నెట్టుకురావచ్చు, వీటితో కుదరదు. రివర్స్ హెడ్‌స్టాక్ వాళ్లు మాగ్నం లాక్ కొనేటప్పుడు వైపు విషయంలో ఎంత జాగ్రత్త పడితే అంత మంచిది.

తాళం వల్ల అసలు లాభం పోస్టు మీద చుట్లు ఉండకపోవడం. మూడు నాలుగు చుట్లు ఉంటే తీగ లాగినప్పుడల్లా అవి ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి, శ్రుతి దిగుతుంది. ఇక్కడ ఒక చుట్టు కూడా పూర్తికాక ముందే తీగ శ్రుతికి వస్తుంది. ఆదివారం మా చర్చిలో ఆరాధన మధ్యలో తీగ తెగితే ఒక పాట ముగిసేలోపు కొత్తది వేసి మళ్లీ కలిశాను.

అయితే ట్యూనర్లు మార్చితే శ్రుతి సమస్యలన్నీ తీరిపోతాయని అనుకోకండి. శ్రుతి నిలవకపోవడానికి చాలాసార్లు నట్ గాడులే కారణం. తీగ గాడిలో ఇరుక్కుంటే ఎంత ఖరీదైన ట్యూనరూ ఏమీ చేయలేదు. నేను ఈ సెట్టుతో పాటే నట్ గాడులను సరిచేయించి, పెన్సిల్ పొడి రాశాను. రెండూ కలిసి చేసిన మేలును ఒక్క ట్యూనర్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు.

వాయింపులో తేడా గురించి చాలా మాటలు వినిపిస్తాయి. తిరగేసిన తల వల్ల లావు తీగ మరింత బిగువుగా ఉంటుందని కొందరంటారు. నట్ నుంచి బ్రిడ్జి (గిటారు ఒళ్లు మీద తీగలు ఆనే చోటు) దాకా ఉండే పొడవు, తీగ మందం, స్వరం ఇవి మారనప్పుడు బిగువూ మారదు. మారేది తీగ సాగే తీరు. నట్ అవతల మిగిలిన తీగ కూడా లాగినప్పుడు కొంత సాగుతుంది. రివర్స్ హెడ్‌స్టాక్‌లో ఒకటో తీగకు అవతలి ముక్క పొట్టిది. అందుకని అదే స్వరం చేరడానికి వేలు కాస్త తక్కువ దూరం జరిపితే సరిపోతుంది. నేను గిటారు మీద కర్ణాటక రాగాలు సాధన చేస్తాను, తోడిలో గాంధారాన్ని ఊపేది ఒకటో తీగ మీదే. నా మరో గిటారు తల మామూలుదే. దాని మీద వేలు వెళ్లే దూరానికి, దీని మీద వెళ్లే దూరానికి తేడా స్పష్టంగా తెలుస్తోంది. గమకం ఇక్కడ చురుగ్గా వస్తుంది, కానీ వేలు కాస్త అదుపు తప్పినా స్వరం హద్దు దాటుతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద అంత పొట్టి తీగలతో అన్ని గమకాలు ఎలా పలికించారో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఫ్లాయిడ్ రోజ్ తరహా తాళం నట్ ఉన్న గిటార్లకు ఈ చర్చ వర్తించదు. అక్కడ తీగ నట్ దగ్గరే కట్టుబడి ఉంటుంది, అవతల ఎంత పొడవున్నా ఒకటే.

ఆరో తీగ విషయంలో శ్రద్ధ కావాలి. స్ట్రాటోకాస్టర్ తరహా తల వెనక్కి వాలి ఉండదు, అందుకే దూరపు పోస్టులకు వెళ్లే తీగలు నట్ మీద సరిగ్గా కూర్చోవు. మామూలు గిటారులో ఒకటి, రెండు తీగలను కిందికి అదిమేందుకు చిన్న కొక్కెం పెడతారు. రివర్స్ హెడ్‌స్టాక్‌లో దూరం వెళ్లేవి ఆరు, అయిదు తీగలు కాబట్టి కొక్కెం వాటికే కావాలి. నా గిటారుకు ఆ కొక్కెం లేదు. అందువల్ల ఆరో తీగను ఖాళీగా మీటితే కొద్దిగా గరగర వినిపించేది. ఇలాంటి తలకు పోస్టుల ఎత్తు సర్దుకునే రకం ట్యూనర్లు మేలు. గోటోలోనే తాళంతో పాటు ఆ సౌకర్యం ఉన్న హెచ్.ఎ.పి.-ఎం. రకం దొరుకుతుంది. దూరపు పోస్టులను దించి, దగ్గరివాటిని ఎత్తుగా ఉంచుకుంటే కొక్కెం అవసరమే తగ్గుతుంది. తల తిన్నగా ఉన్న గిటారుకు కొత్తగా కొనేవాళ్లు కాస్త ఎక్కువ పెట్టి అదే తీసుకోవాలన్నది నా అభిప్రాయం. నేను తీసుకున్న దానిలో ఆరు పోస్టులూ ఒకే ఎత్తు, కాబట్టి ఆరు, అయిదు తీగలకు కొక్కెం వేయించాను. గరగర పోయింది. కోసుగా ఉండి వెనక్కి వాలిన తలలకు ఈ బెడద లేదు.

లోపాలూ చెప్పాలి. మామూలు ట్యూనర్ల కంటే ఇవి బరువు. ఒళ్లు తేలికగా ఉన్న గిటారైతే పట్టీ వేసుకుని నిలబడినప్పుడు మెడ కిందికి వాలుతుంది. నాణెంతో తాళం తీయడం చీకటి వేదిక మీద సుఖమైన పని కాదు. అది నచ్చనివారికి తల వెనుక బొటనవేలితో తిప్పే చక్రం ఉన్న ఎం.జి.టి. రకం ఉంది. బటన్లు నేలవైపు ఉండటం ట్యూనర్ల తప్పు కాదు గానీ, పాట మధ్యలో ఆరో తీగను ఒక స్వరం దించాలంటే చెయ్యి మెడ కిందుగా చివరి బటన్ దాకా వెళ్లాలి. బటన్‌ను చివర నుంచి చూస్తే తిప్పే దిశ కూడా మామూలు స్ట్రాటోకాస్టర్‌కు ఎదురుగా ఉంటుంది. అకౌస్టిక్ గిటారులో కింది వరుస మూడు ట్యూనర్లు ఎలా తిరుగుతాయో ఇక్కడ ఆరూ అలాగే తిరుగుతాయి. అకౌస్టిక్ వాయించేవారికి చెయ్యి తొందరగానే అలవాటు పడుతుంది.

మిగతా కంపెనీల సంగతి క్లుప్తంగా. షాలర్ ఎం6లో తాళం ఉన్న రకం కూడా 16:1 నిష్పత్తిదే, తాళం చక్రం వెనుక ఉంటుంది, నాణెం అక్కరలేదు. అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో తయారయ్యే స్పెర్జెల్ ట్రిమ్-లాక్ తేలికగా ఉంటుంది. 12:1 కాబట్టి శ్రుతి త్వరగా చేరుతుంది కానీ సూక్ష్మంగా సర్దడానికి వేళ్లకు ఓపిక కావాలి. పాత రంధ్రాలు చిందరవందరగా ఉన్న తలకు హిప్‌షాట్ మంచి మార్గం. దాని వెనుక పలక వల్ల కొత్త రంధ్రాలు వేయకుండానే బిగించవచ్చు, నిష్పత్తి 18:1. గ్రాఫ్ టెక్ రేషియో ట్యూనర్లలో ఒక్కో తీగకు ఒక్కో నిష్పత్తి ఉంటుంది, 12:1 నుంచి 39:1 దాకా. రివర్స్ హెడ్‌స్టాక్ మీద వాటిని స్థానం చూసి కాకుండా తీగ చూసి అమర్చాలి, ఆరో తీగ ట్యూనర్ చివరి రంధ్రంలోకి వెళ్లాలి.

ఎడమచేతి వాటం ఉన్నవారికి ఒక మాట. మీది మామూలు ఎడమచేతి గిటారైతే మీకు కావలసింది కూడా నేను కొన్న సెట్టే, ముందు నుంచి చూస్తే బటన్లు కుడిపక్కకు వచ్చేది. మీ గిటారు ఎడమచేతిదై, తల మళ్లీ తిరగేసినదైతే దుకాణాల్లో అందరికీ దొరికే పైవరుస సెట్టే మీకు సరిపోతుంది. ఆ విషయంలో నాకంటే మీరే అదృష్టవంతులు, నిల్వ లేదన్న జవాబు వినకుండా అదే రోజు ఇంటికి తెచ్చుకోవచ్చు.